డ్రాయింగ్ టీచర్ నౌకరీ చేస్తూ చిత్రకారుడిగా నిలబడటం ఎట్లా? నా సమాధానం

తమ్మీ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మిగతావాళ్ళకూ అర్థం కావాలి కాబట్టి ముందు నువ్వు అడిగింది చెప్తాను. జనగామ పక్క పల్లె నుంచి వచ్చి హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లోని ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో బీఎఫ్‌ఏ పెయింటింగ్ పూర్తి చేశావు. వయసు 24. ఏడాదిగా కూకట్‌పల్లి వైపు ఒక ప్రైవేట్ బడిలో డ్రాయింగ్ టీచర్‌గా చేస్తున్నావు. వారానికి 30 పీరియడ్లు, పైగా చార్టులు, స్టేజి వెనక తెరలు, ఇన్‌స్పెక్షన్ వస్తుందంటే గోడలకు బొమ్మలు. ఇంటికి చేరేసరికి బ్రష్ పట్టుకునే ఓపిక ఉండటం లేదు. ‘ఈ నౌకరీలోనే ఉంటే నేను చిత్రకారుణ్ని కాకుండానే పోతానా? మన పెద్ద చిత్రకారులు కాపు రాజయ్య గారు, కొండపల్లి శేషగిరిరావు గారు మొదట్లో ఎట్లా నెట్టుకొచ్చారు? బోనాలు, బతుకమ్మలు వేస్తే ప్రాంతీయ చిత్రకారుడని పక్కన పెడతారా?’ అని అడిగావు. చివర్లో, నీ టెంపెరా బొమ్మలు, అంటే రంగు పొడిని గుడ్డు సొనతోనో జిగురుతోనో కలిపి వేసినవి, ఎందుకు పగులుతున్నాయో చెప్పమన్నావు.

నేను ఈ నగరంలోనే 33 ఏళ్ళు సర్కారు బడుల్లో డ్రాయింగ్ మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాను. ఆ 33 ఏళ్ళలో బొమ్మలు వేయని సంవత్సరం లేదు. కాబట్టి నాకు తెలిసిన మేరకు చెప్తాను, కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

నౌకరీ వల్ల చిత్రకారుడు పాడవడు. నౌకరీలో ఒక్కటి మాత్రం ఉంది, అది నిజంగా పాడుచేస్తుంది. దాన్ని నేను చార్టు చెయ్యి అంటాను. పిల్లలకు చూపించాలి, తొందరగా అవ్వాలి, హెడ్ మాస్టర్ మెచ్చాలి. దాంతో చెయ్యి కొన్ని బొమ్మలు బట్టీ పట్టేస్తుంది. రెండు కొండల నడుమ సూర్యుడు, ఒక గుడిసె, పక్కన కొబ్బరిచెట్టు, ముందు వంకర కాలువ. జనగామలో నీ ఇంటి ముందు ఉన్నది తాటిచెట్టు, వేపచెట్టు. కానీ బోర్డు మీద నీ చెయ్యి వేసేది కొబ్బరిచెట్టు. ఆ చెట్టును నువ్వు చూసి వేయలేదు, నీ చిన్నప్పటి డ్రాయింగ్ మాస్టారు వేస్తుంటే చూసి వేస్తున్నావు. ఆయన కూడా ఎవరో వేసిందే చూసి వేసి ఉంటాడు. ఇట్లా రోజుకు ఆరు పీరియడ్లు, ఐదారేళ్ళు గడిచాయంటే ఇంటికొచ్చి కాన్వాస్ ముందు నిలబడ్డా ఆ చెయ్యే కదులుతుంది. నా తోటివాళ్ళలో మంచి గీత ఉన్నవాళ్ళు ముగ్గురు నలుగురు ఇట్లాగే ఆగిపోయారు. వాళ్ళను ఆపింది నౌకరీ అని అందరూ అంటారు. నేను దగ్గర నుంచి చూశాను, వాళ్ళు చూడటం మానేశారు.

నువ్వడిగిన పెద్దల సంగతికి వస్తాను.

కొండపల్లి శేషగిరిరావు గారు 1924 జనవరిలో పుట్టారు. ఊరు అప్పటి వరంగల్ జిల్లా పెనుగొండ, మానుకోట దగ్గర. కాపు రాజయ్య గారు 1925 ఏప్రిల్‌లో సిద్దిపేటలో పుట్టారు. ఇద్దరికీ ఏడాది తేడా. ఇద్దరూ హైదరాబాద్‌లోని సర్కారు ఆర్ట్ స్కూల్లోనే చదివారు. 1940లో మొదలైన ఆ స్కూలే చేతులు మారి, 1972 తర్వాత జేఎన్‌టీయూ కిందికి, 2008లో ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ కిందికి వచ్చి, నువ్వు చదివిన మాసబ్ ట్యాంక్ కాలేజీ అయింది. అంటే నువ్వు కూర్చున్న బల్ల వరసలోనే వాళ్ళ పేర్లూ ఉన్నాయన్నమాట. 2012లో నెల తిరక్కుండానే ఇద్దరూ పోయారు, శేషగిరిరావు గారు జులైలో, రాజయ్య గారు ఆగస్టులో. ఆ నెలంతా నా మనసు బాగాలేదు.

వాళ్ళ కాలం ఎట్లాంటిదో ఒక్క నిమిషం ఆలోచించు. నిజాం సంస్థానం. బడి చదువంతా ఉర్దూలో. బొమ్మలు వేసి బతుకుతానంటే ఇంట్లో ఏమనేవాళ్ళో నువ్వే ఊహించుకో, ఇప్పుడే మీ నాయన ఏమంటున్నాడో రాశావు కదా. 1948 సెప్టెంబరులో పోలీస్ యాక్షన్ జరిగేనాటికి శేషగిరిరావు గారికి సరిగ్గా నీ వయసే, 24. పల్లెల్లో సాయుధ పోరాటం, పట్నంలో రజాకార్లు, రేపు ఏ రాజ్యం ఉంటుందో తెలియని రోజులు. బొమ్మలు పెట్టుకోవడానికి ఇప్పటిలా మాదాపూర్‌లో స్టేట్ ఆర్ట్ గ్యాలరీ లేదు, రవీంద్రభారతి లేదు. లలిత కళా అకాడమీ మొదలైందే 1954లో. అట్లాంటి రోజుల్లో ఆయనకు నవాబ్ మెహదీ నవాజ్ జంగ్ ఆసరా దొరికింది. బంజారాహిల్స్ ఇంకా ఉత్త బండల గుట్టలుగా ఉన్నప్పుడే అక్కడ ఇల్లు కట్టుకున్న మనిషి, తర్వాత గుజరాత్‌కు మొదటి గవర్నర్ అయ్యాడు. ఆయన ఆదరణతో శేషగిరిరావు గారు బెంగాల్‌లోని శాంతినికేతన్ వెళ్ళి పేరున్న చిత్రకారుడు నందలాల్ బోస్ దగ్గర నేర్చుకున్నారు. తిరిగొచ్చి తాను చదివిన కాలేజీలోనే పంతులయ్యారు, దశాబ్దాల పాటు అక్కడే పాఠం చెప్పారు.

ఇక్కడ అందరూ ‘అదృష్టం, నవాబు దొరికాడు’ అని ఆగిపోతారు. నాకు ముఖ్యంగా అనిపించేది వేరు. నందలాల్ బోస్ పద్ధతి ఏమిటంటే, చేతిలో చిన్న కార్డులు పెట్టుకుని తిరగడం. పోస్టుకార్డంత ముక్క మీద మేక, తాటిచెట్టు, నీళ్ళు మోసే మనిషి, ఏది కనబడితే అది, అక్కడికక్కడ గీయడం. ఆయన జీవితంలో అట్లాంటి కార్డులు లెక్కలేనన్ని గీశాడు, పెద్ద పేరు వచ్చాక కూడా గీశాడు. 1938లో హరిపుర కాంగ్రెస్ సభల కోసం గాంధీ గారు అడిగితే వేసిన పోస్టర్లు చూడు. డోలు వాయించేవాడు, దర్జీ, వడ్రంగి, గోవుకు పాలు పితికేవాళ్ళు. టెంపెరా రంగులు, రెండు మూడు దమ్ముల్లో లాగిన గీత. వాటి వెనక ఏళ్ళ తరబడి గీసిన ఆ కార్డులున్నాయి. ఆ గాలి పీల్చి వచ్చిన మనిషి హైదరాబాద్‌లో ఏం వేశాడు? శకుంతల, దమయంతి లాంటి పురాణ కథలు వేశారు, అవి అందరికీ తెలుసు. కానీ ఆయన వేసిన మన బండలున్నాయే, ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టు నిలబడ్డ హైదరాబాద్ బండలు, అవి నాకు ఎక్కువ ఇష్టం. రోజూ అందరం చూసేవే. ఇప్పుడైతే సగం పగలగొట్టి అపార్టుమెంట్లు కట్టారు. పంతులుగా ఉంటూనే ఆయన వాటి ముందు నిలబడి చూశారు.

రాజయ్య గారి దారి నీకు ఇంకా దగ్గర. ఆయన హైదరాబాద్‌లో చదువు అయ్యాక సిద్దిపేటకే పోయారు. బడిలో డ్రాయింగ్ టీచర్. కాలేజీ ప్రొఫెసర్ కూడా కాదు, నీలాగా, నాలాగా బడి పంతులు. ఇక్కడికి 100 కిలోమీటర్ల దూరంలో, అప్పట్లో చిన్న ఊరు. అక్కడే ఉండి, వడ్డెర ఆడవాళ్ళను, ఎల్లమ్మ జోగులను, బతుకమ్మ ఆడే పిల్లలను, పొలం పనులను వేశారు. ఊళ్ళో లలిత కళా సమితి పెట్టి పిల్లలకు నేర్పారు. దేశమంతా చూసింది ఆ బొమ్మల్ని.

అక్కడే ఉండటం వల్ల ఆయనకు దొరికిందేమిటో గమనించు. ఆ ప్రాంతమంతా నకాషీ వాళ్ళ, అంటే కథల పటాలు వేసేవాళ్ళ, పని ఉన్న నేల. చేర్యాల దగ్గరే. గుడ్డ మీద ఎర్రటి నేపథ్యం పూసి, అడ్డగీతలతో గళ్ళు చేసి, ఒక్కో గడిలో కథలో ఒక్కో ఘట్టం వేసేవాళ్ళు. ఆ పటాన్ని గోడకు వేలాడేసేందుకు వేసింది కాదు. పద్మశాలీలకు కూనపులి వాళ్ళు మార్కండేయ పురాణం చెప్తుంటే, ముదిరాజులకు కాకి పడగల వాళ్ళు పాండవుల కథ చెప్తుంటే, రాత్రి దీపం వెలుతురులో వెనక కూర్చున్నవాడికి కూడా బొమ్మ అందాలి. అందుకే గీత లావుగా, గట్టిగా ఉంటుంది, కళ్ళు పెద్దవిగా ఉంటాయి, రంగు మీద నీడలు ఉండవు. ఆర్ట్ స్కూల్లో చదివి వచ్చిన మనిషి ‘ఇది పాతకాలపు పని’ అని పక్కకు పోవచ్చు. రాజయ్య గారు ఆ గీత ముందు ఆగారు. ఆర్ట్ స్కూల్ ఇచ్చిన కూర్పును, నకాషీ గీతను కలుపుకొని తన గీత చేసుకున్నారు. నీకు 24 ఏళ్ళకు అర్థం కావాల్సిన పాఠం నా ఉద్దేశంలో ఇదే. వాళ్ళ తొలి ఏళ్ళలో ఎన్ని ప్రదర్శనలు పెట్టారు, ఎన్ని అమ్మారు అని లెక్కపెట్టకు. ఏ గీత ముందు ఎంతసేపు నిలబడ్డారో చూడు.

దీంతో నీ రెండో భయానికి కూడా జవాబు వస్తుంది. బోనాలు వేస్తే పక్కన పెడతారా అని. ఎవరూ పెట్టరు, బోనం నువ్వు చూసి వేస్తే. ఈ పదేళ్ళలో నేను హైదరాబాద్‌లో చూసిన ప్రదర్శనల్లో బోనమెత్తిన ఆడవాళ్ళ బొమ్మలు వందల కొద్దీ. పెద్ద బొట్టు, పసుపు మొహం, ఎర్ర చీర, నెత్తి మీద కుండ, అంతే. కింద సంతకం కనబడకపోతే ఎవరు వేశారో చెప్పలేం. నా కంటికి అవి కూడా చార్టులే, బడి చార్టు కన్నా ఫ్రేము ఖరీదైనది. ఒకసారి ఆషాఢంలో గోల్కొండకో, లాల్ దర్వాజకో పోయి రోజంతా నిలబడు. బోనం ఎత్తిన మనిషి మెడ ఎట్లా ఉంటుందో చూడు. బరువుతో గదవ కొద్దిగా పైకి లేస్తుంది, కళ్ళు కిందికి చూస్తాయి, అడుగు చిన్నదవుతుంది. ఎండకు కుండ మీది సున్నం, పసుపు చెమటతో కలిసి చెంప మీదికి కారుతుంది. నాలుగు మెట్లెక్కి ఆగి ఊపిరి పీల్చుకునేటప్పుడు ఒక చెయ్యి కుండకు, ఒక చెయ్యి నడుముకు. ఇది చూసినవాడు వేసిన బొమ్మకు ఏ పేరు పెట్టినా నష్టం లేదు.

తర్వాతి తరం చిత్రకారులను ఇద్దర్ని చూడు. తోట వైకుంఠం గారు బూరుగుపల్లి నుంచి వచ్చిన మనిషి, 1942లో పుట్టారు. చిన్నప్పుడు ఊళ్ళో నాటకాలాడేవాళ్ళలో ఆడవేషం కట్టిన మగవాళ్ళు మొహానికి, ఒంటికి రంగులు పూసుకోవడం తనకు ఎంత నచ్చేదో ఆయనే చెప్పారు. కె. లక్ష్మాగౌడ్ గారు మెదక్ జిల్లా నిజాంపూర్. 1963లో ఇక్కడ డిప్లొమా చేసి బరోడా పోయి చిత్రకారుడు కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకుని తిరిగొచ్చి, చాలాకాలం ఇక్కడి దూరదర్శన్‌లో నౌకరీ చేశారు, ఆ తర్వాత హైదరాబాద్ యూనివర్సిటీలో పాఠం చెప్పారు. ఇద్దరూ వేసింది తమ పల్లెనే. ఇద్దరి పల్లెలూ ఒకదాని పోలిక ఒకదానికి ఉండదు. బరోడా వాళ్ళ పల్లెను మరిపించలేదు, దాన్ని కొత్తగా చూసే కన్నిచ్చింది. కాబట్టి మాస్టర్స్‌కు బయటికి పోవాలా అని నువ్వు మధ్యలో ఒక మాట అడిగావు చూడు, అవకాశం ఉంటే తప్పకుండా పో అంటాను. హైదరాబాద్ యూనివర్సిటీ అయినా, బరోడా అయినా, శాంతినికేతన్ అయినా. రెండేళ్ళు వేరే మాస్టర్ల కింద ఉండటం చేతికి చాలా మంచిది. కానీ ఇంట్లో నీ జీతం మీద ఆధారపడ్డవాళ్ళు ఉన్నారని రాశావు. వాళ్ళను ఇబ్బంది పెట్టి ఈ ఏడే పోవాలని ఏమీ లేదు.

ఒక పని మాత్రం వెంటనే చెయ్యి. కేంద్ర సాంస్కృతిక శాఖ యువ కళాకారులకు స్కాలర్‌షిప్ ఇస్తుంది. వయసు 18 నుంచి 25 లోపు ఉండాలి, చిత్రకళ కూడా అందులో ఉంది. నెలకు 5,000 చొప్పున రెండేళ్ళు. నీకు 24, ఇది ఈసారే. నోటిఫికేషన్ పడగానే షరతులు సరిగ్గా చదివి దరఖాస్తు పెట్టు. నా రోజుల్లో నాకు ఇట్లాంటి సంగతులు చెప్పేవాళ్ళు లేక రెండు మూడు వయసు దాటాక తెలిశాయి, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఇప్పుడు నౌకరీ చేస్తూనే చూడటం ఎట్లా అనేది. నేను చేసింది చెప్తాను.

మొదటి నౌకరీ పాతబస్తీ అంచున, మూసీకి దగ్గర్లో ఒక హైస్కూల్. పేరు అవసరం లేదు. పరీక్షలు దగ్గర పడ్డాయంటే నా పీరియడ్లన్నీ లెక్కల సారుకు పోయేవి. ‘బొమ్మలకేముంది మాస్టారూ, ఎప్పుడైనా వేసుకోవచ్చు’ అని నా ముందే అనేవాళ్ళు. మొదటి రెండేళ్ళు నాకు లోపల చాలా రగిలింది. ఏడో తరగతిలో ఒకరోజు బోర్డు మీద బర్రె బొమ్మ వేశాను. చకచకా, చార్టు చేత్తో. వెనక బెంచీ నుంచి ఒక పిల్లవాడు లేచి, ‘సార్, బర్రె కొమ్ములు అట్ల ఉండయి’ అన్నాడు. వాళ్ళింట్లో పాల వ్యాపారం. నేను చాక్‌పీస్ ఇచ్చాను. వాడు వచ్చి కొమ్మును నుదుటి పక్క నుంచి మొదలుపెట్టి, చెవి పైనుంచి వెనక్కి తీసి, కొడవలిలా వంచి, కొన మళ్ళీ పైకి తిప్పాడు. ‘ఇది నాటు బర్రె. ముర్రా దానికైతే గుండ్రంగ చుట్టుకుంటది’ అని పక్కన ఇంకోటి వేసి చూపించాడు. ఐదేళ్ళు కాలేజీలో చదివి వచ్చిన నేను వేసింది ఎద్దు కొమ్ములు, బర్రె తలకు.

ఆ రోజు సాయంత్రం వాడితోపాటు వాళ్ళ కొట్టం దగ్గరికి పోయాను. చీకటి పడేదాకా గీశాను. బర్రె పడుకున్నప్పుడు ముందుకాళ్ళు ఎట్లా మడుస్తుంది, లేచేటప్పుడు ముందు వెనకకాళ్ళు లేపుతుంది, మెడ మీది చర్మం ఎన్ని మడతలు పడుతుంది. ఆ నెలలో 60, 70 బర్రెల గీతలు అయ్యాయి. అప్పటినుంచి పాఠం చెప్పే పద్ధతి మార్చేశాను. బోర్డు మీద నేను ముందు వేసి ‘ఇట్లా వెయ్యండి’ అనడం మానేశాను. ‘మీ ఇంట్లో ఉన్నదేదన్నా చూసి రండి, రేపు వెయ్యండి’ అనేవాణ్ని. కుట్టుమిషన్, గ్యారేజీలో తిరగేసిన ఆటో, ఇరానీ హోటల్లో చాయ్ పోసే చెయ్యి, మొహర్రం పీరు, అటక మీది ఇత్తడి గంగాళం. వాళ్ళు వేసేటప్పుడు నేనూ చివరి బెంచీలో కూర్చుని నా పుస్తకంలో వేసేవాణ్ని. హెడ్ మాస్టర్ ఒకసారి అడిగాడు, పాఠం చెప్పకుండా గీసుకుంటున్నావేంటని. పిల్లల పుస్తకాలు తీసి చూపించాను. మళ్ళీ అడగలేదు. నీ 30 పీరియడ్లలో కనీసం పది ఇట్లా నడుపు. రోజుకు రెండు పీరియడ్లు నీ చెయ్యి చూసి గీస్తుంది, జీతం తీసుకుంటూనే.

ఇంట్లో పని రాత్రి పెట్టుకోకు. రాత్రికి ఏ మాస్టారుకూ ఓపిక ఉండదు. నేను పొద్దున ఐదున్నర నుంచి ఏడింటి దాకా వేసేవాణ్ని. గంటన్నర చిన్నదనిపిస్తుంది గానీ పెద్ద కాగితం జోలికి పోకుండా క్వార్టర్ ఇంపీరియల్, అంటే 11 ఇంచీలకు 15 ఇంచీలు, ఆ సైజులో వేస్తే వారానికి ఒక బొమ్మ పూర్తవుతుంది. ఒక గదిలో ఉండేవాళ్ళకు దాచుకోవడమూ సులువు. ప్రతి బొమ్మ వెనక తేదీ, ఏ రంగు, ఏ జిగురు, ఎక్కడ చూసింది అని పెన్సిల్‌తో రాసి పెట్టు. పదేళ్ళ తర్వాత నీకు అదే పెద్ద ఆస్తి అవుతుంది.

ఆదివారాలు నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంకు పో. అక్కడ అజంతా బొమ్మల నకళ్ళున్నాయి. అజంతా అప్పట్లో నిజాం సంస్థానంలోనే ఉండేది, గులాం యజ్దానీ నడిపిన పురావస్తు శాఖే వాటిని కాపాడింది. ఆ కాలంలో ఖాన్ బహదూర్ సయ్యద్ అహ్మద్, మహమ్మద్ జలాలుద్దీన్ గుహల్లో కూర్చుని అసలు సైజులో తీసిన నకళ్ళవి. మన నగరంలో ఉండి వాటిని చూడని చిత్రకారులు ఎంతమంది ఉన్నారో తలుచుకుంటే బాధేస్తుంది. అసలు గుహలో వెలుతురు తక్కువ, మనుషులు తోసుకుంటారు, పది నిమిషాలు నిలబడనివ్వరు. ఇక్కడ ఎంతసేపైనా నిలబడు. నేను మూడు ఆదివారాలు వరసగా ఒక్క చేతివేళ్ళే గీశాను, మొహం జోలికే పోలేదు. వేలు ఎక్కడ వంగుతుందో చూపించడానికి గీత అక్కడ కాస్త లావై, మళ్ళీ సన్నబడుతుంది. నీడ లేకుండానే గుండ్రం వస్తుంది. ఆ తర్వాత చేర్యాల పటం ముందుకు పోతే, గీతలో తేడా ఎక్కడుందో నాకు మొదటిసారి చేతికి తెలిసింది. సాలార్‌జంగ్‌కు కూడా పో, కానీ రెబెక్కా పాలరాతి బొమ్మ దగ్గర గుంపులో నిలబడి రాకు, సూక్ష్మ చిత్రాల గదిలో దక్కనీ కాగితాల ముందు కూర్చో. రెండు మ్యూజియాలకూ శుక్రవారం సెలవు.

అమ్మకం గురించి తక్కువే చెప్తాను, ఎందుకంటే నీకు ఇంకా తొందర లేదు. నా మొదటి ఆరు బొమ్మలు ఒక దుకాణదారుకు నోటిమాట మీద ఇచ్చాను. ఏడాదికి రెండు అమ్ముడుపోయాయన్నాడు, ఒకదాని డబ్బులే ఇచ్చాడు. మిగతా నాలుగు చెమ్మ పట్టి తిరిగొచ్చాయి. అమ్ముడుపోయిన రెండింటిలో ఒకటి మా అమ్మ విస్తరాకులు కుడుతున్న బొమ్మ, అది మళ్ళీ నాకు రాలేదు, అట్లా కూర్చున్న అమ్మ కూడా ఇప్పుడు లేదు. ఎవరికిచ్చినా కాగితం మీద రాయించుకో: బొమ్మ పేరు, సైజు, ధర, కమిషన్ ఎంత, ఎన్ని నెలలకు తిరిగివ్వాలి, పాడైతే ఎవరిది బాధ్యత. గ్యాలరీ వాళ్ళు మూడో వంతు నుంచి సగం దాకా అడుగుతారు, అది మామూలే. అప్పు చేసి ఒంటరి ప్రదర్శన పెట్టకు. నలుగురు కలిసి పెట్టండి, 40 బొమ్మలు నిజంగా నీవే అనిపించాక ఒంటరిగా పెట్టు.

ఇక నీ టెంపెరా. ఫోటోలు పెద్దవి చేసి చూశాను. రెండు రకాల జబ్బులున్నాయి, ఒకటే అనుకుని ఒకటే మందు వేస్తున్నావు.

మొదటి మూడు బొమ్మలు గుడ్డు సొనతో వేశానన్నావు, మామూలు కాగితం మీద, ఊరికి తీసుకుపోవడానికి చుట్ట చుట్టానన్నావు. పగులు అక్కడే వచ్చింది. గుడ్డు సొన ఎండితే గాజులా గట్టిపడుతుంది, వంగదు. దానికి చెక్క గానీ, మందపాటి బోర్డు గానీ ఉండాలి. అట్ట మీద కాగితం అంటించి దాని మీద వేసినా ఫరవాలేదు. చుట్టకూడదు. అప్పుడు నకాషీ పటం 30 అడుగులు చుట్ట చుట్టి భుజాన వేసుకు తిరుగుతారు కదా, అది ఎందుకు పగలదు అంటావేమో. వాళ్ళు గుడ్డను ముందు తయారు చేస్తారు. సుద్దమన్ను, గంజి, చింతగింజల అంబలి, జిగురు కలిపి పల్చగా పూసి, ఆరబెట్టి, మళ్ళీ పల్చగా పూస్తారు. ప్రతి పూత పల్చగా ఉంటుంది కాబట్టి గుడ్డతోపాటు వంగుతుంది. పైన రంగు కూడా జిగురుతో కలిపింది, పల్చటిది. నువ్వు కాగితం మీద తెల్ల రంగు మూడు నాలుగు పొరలు మందంగా వేసి, దాని మీద మళ్ళీ వేశావు.

మిగతా రెండు బొమ్మలు జిగురుతో వేసినవి, వాటిలో ఎరుపు పగిలింది, నలుపు చేతికి అంటుతోంది. ఒకే జిగురు నీళ్ళు అన్ని రంగులకూ సమానంగా కలిపి ఉంటావు. ఒక్కో పొడి ఒక్కోలా తాగుతుంది. తుమ్మ జిగురు ఒక వంతుకు గోరువెచ్చని నీళ్ళు రెండు వంతులు పోసి రాత్రంతా నానబెట్టు, పొద్దున పల్చటి గుడ్డలో వడకట్టు, చెత్తంతా పోతుంది. దానికి నాలుగైదు చుక్కలు తేనె కలుపు, మరీ పెళుసుగా ఎండకుండా ఉంటుంది. రెండు లవంగాలు వేసి ఉంచితే తొందరగా వాసన రాదు. అద్దం పలక మీద పొడి పోసి, ముందు ఉత్త నీళ్ళతో ముద్దలా నూరి, తర్వాత జిగురు నీళ్ళు చుక్క చుక్కగా కలుపు. జాజు లాంటి మట్టి రంగులు నీళ్ళు వెంటనే పీలుస్తాయి. మసి, నీలిమందు మాత్రం నీళ్ళ మీద తేలుతాయి, ఎంత నూరినా కలవవు. వాటికి మొదట రెండు చుక్కలు స్పిరిట్ వేసి తడుపు, తర్వాత నీళ్ళు.

ప్రతి రంగునూ బొమ్మ మీద వేసే ముందు అదే కాగితం ముక్క మీద గీటు పెట్టి ఆరనివ్వు. వేలితో రుద్దితే పొడి అంటిందంటే జిగురు చాలలేదు. ఆరాక మెరుస్తూ, కాగితాన్ని కొద్దిగా వంచితే చిట్లిందంటే జిగురు ఎక్కువైంది. రుద్దినా రాకుండా, మెరవకుండా, సున్నం గోడలా పొడిగా కనబడితే సరిపోయినట్టు. నీ ఎరుపుకు జిగురు సగం తగ్గించు, నలుపుకు ఇంకో చెంచా కలుపు. ఈ వారం ఐదు రంగులకు ఐదు గీట్లు వేసి, పక్కన ఏది ఎన్ని చుక్కలో రాసి, ఆ ముక్క ఫోటో పెట్టు. అది చూసి మిగతాది చెప్తాను.